ఎదిగే వయసు స్నేహాల సినిమా మీ పిల్లలకు చూపించాలా వద్దా? ఎలా తేల్చుకోవాలి

పోస్టర్ మీద నలుగురు స్నేహితులు భుజాల మీద చేతులేసుకుని నవ్వుతుంటారు. కథంతా బడి పిల్లలదే. అయినా మూలన పదహారేళ్లు పైబడినవారికి అని గుర్తు ఉంటుంది. పదకొండేళ్ల పాప మాత్రం "మా క్లాసులో అందరూ చూశారు, నేనూ చూస్తాను" అంటుంది.

హారర్ సినిమా గురించో, ఫైటింగుల సినిమా గురించో తేల్చుకోవడం దీనికన్నా సులువు. వాటిలో భయపెట్టేది కంటికి కనిపిస్తుంది. స్నేహం మీద గట్టిగా తీసిన సినిమా వేరే చోట తగులుతుంది. ప్రాణంగా చూసుకున్న నేస్తం ఉన్నట్టుండి మాట్లాడటం మానేయడం, గుంపులో చోటు పోతుందని ఇష్టం లేని పని చేయడం, ఇంట్లో జరిగేది ఎవరికీ చెప్పలేక స్నేహితుడికి మాత్రమే చెప్పుకోవడం... ఇవి పిల్లల సొంత బతుకులోవే. అందుకే అంత లోతుగా దిగుతాయి. అందుకే ఈ సినిమాలు పిల్లలకు మంచి కూడా చేయగలవు. "అసలు వద్దు" అని తలుపు మూసేయడం నాకు నచ్చదు, అడిగింది కదా అని పెట్టేయడమూ నచ్చదు. సినిమాలో ఏమేం ఉన్నాయన్న లెక్క కన్నా, ఉన్నదాన్ని ఎలా చూపించారు, దాన్ని మోసే స్థితిలో మీ బిడ్డ ఇప్పుడు ఉందా అన్నవే అసలు ప్రశ్నలు. వాటికి జవాబు వెతుక్కునే దారి ఇది.

1. సర్టిఫికెట్ చూడండి, కారణం కూడా చదవండి

మన దేశంలో సెన్సార్ బోర్డు ఇచ్చే యూఏ సర్టిఫికెట్ ఒకప్పుడు ఒకటే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక అది మూడైంది: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఆ వయసు కన్నా చిన్నవాళ్లు పెద్దల మార్గదర్శనంలో చూడాలని దాని అర్థం. అంటే అది నిషేధం కాదు, నిర్ణయం మీకే వదిలారు. 'ఏ' సర్టిఫికెట్ అలా కాదు, అది 18 నిండినవాళ్లకే.

ఓటీటీల్లోనూ 2021 నిబంధనల ప్రకారం ఇలాంటి వయసు గుర్తులే ఉంటాయి. పక్కనే భాష, హింస, మత్తుపదార్థాలు అంటూ కారణాలు కూడా కనిపిస్తాయి. అయితే ఆ గుర్తులు సెన్సార్ బోర్డు ఇచ్చినవి కావు, ఓటీటీ సంస్థలు తమంతట తామే వేసుకునేవి. థియేటర్ కోసం కత్తిరించిన సీన్లు ఓటీటీలో ఉండే అవకాశం కూడా ఉంది. కాబట్టి థియేటర్ సర్టిఫికెట్ గుర్తుపెట్టుకుని ఓటీటీలో నిశ్చింతగా ప్లే నొక్కకండి.

విదేశీ సినిమా అయితే అమెరికా వాళ్ల పీజీ-13, ఆర్, బ్రిటన్ వాళ్ల 12ఏ, 15 లాంటివి కనిపిస్తాయి. పీజీ-13 అంటే పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు గట్టిగా ఆలోచించాలని. ఆర్ అంటే పదిహేడేళ్ల లోపువాళ్లు పెద్దవాళ్లు తోడు లేకుండా థియేటర్లో చూడకూడదని.

ఈ గుర్తులు ఎంతవరకు ఉపయోగపడతాయో రెండు సినిమాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1986లో వచ్చిన 'స్టాండ్ బై మీ'లో పన్నెండేళ్ల అటూఇటూ వయసున్న నలుగురు అబ్బాయిలు ఉంటారు. వాళ్లు నోరు తెరిస్తే బూతులు, పైగా సిగరెట్లు. అమెరికాలో దానికి ఆర్ ఇచ్చారు. 2022లో వచ్చిన బెల్జియం సినిమా 'క్లోజ్'లో పదమూడేళ్ల ఇద్దరు అబ్బాయిల స్నేహం ఉంటుంది. బూతులు చాలా తక్కువ, సిసలైన హింస అంటూ తెర మీద ఏమీ ఉండదు. కానీ కథ మధ్యలో ఒక అబ్బాయి ఆత్మహత్య చేసుకుంటాడు. మిగిలిన సినిమా అంతా రెండో అబ్బాయి మోసే అపరాధభావమే. దానికి అమెరికాలో వచ్చింది పీజీ-13. మనసు మీద పడే బరువు చూస్తే ఒక పన్నెండేళ్ల పిల్లాడికి ఈ రెంటిలో ఏది కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

నోటి మాటలు, ఒంటి మీది బట్టలు, నెత్తురు లాంటివి లెక్కపెట్టడం సులువు కాబట్టి సర్టిఫికెట్లు వాటిని బాగా పట్టుకుంటాయి. దుఃఖం ఎంత లోతుగా దిగుతుందో అంత బాగా పట్టుకోలేవు. ఇంకో సంగతి: కథలో పిల్లలకు పన్నెండేళ్లు ఉన్నంత మాత్రాన ఆ సినిమా పన్నెండేళ్లవాళ్ల కోసం తీసింది కాదు. ఇలాంటి చాలా సినిమాలు తమ బాల్యాన్ని వెనక్కి తిరిగి చూసుకునే పెద్దవాళ్ల కోసం తీసినవి.

2. కథ చివరిదాకా తెలుసుకోండి

సస్పెన్స్ పోతుందని ఆగకండి. మీరు చూస్తున్నది వినోదం కోసం కాదు. ట్రైలర్ మీద అస్సలు ఆధారపడొద్దు, స్నేహం సినిమాల ట్రైలర్లలో సైకిళ్లు, పరుగులు, నవ్వులే ఉంటాయి. కామన్ సెన్స్ మీడియా వెబ్‌సైట్, ఐఎండీబీ వెబ్‌సైట్‌లోని పేరెంట్స్ గైడ్ లాంటి చోట్ల ఏ సీన్లో ఏముందో వివరంగా రాస్తారు. బ్రిటన్ సెన్సార్ సంస్థ వెబ్‌సైట్‌లో కూడా ప్రతి సినిమాకూ వివరణ ఉంటుంది. తెలుగు సినిమాలకు ఇంత వివరం దొరకడం కష్టం, అక్కడ చూసినవాళ్లనే అడగాలి.

అడిగేటప్పుడు "పిల్లలతో చూడొచ్చా?" అని అడగకండి. ఎవరి హద్దు వాళ్లది. "కథలో ఎవరైనా చనిపోతారా? ఎలా? ఆ తర్వాత ఏమవుతుంది? పిల్లల్ని ఎవరైనా కొట్టడం, ఏడిపించడం ఉందా? తాగడం, డ్రగ్స్ ఉన్నాయా? శరీరానికి సంబంధించిన సీన్లు ఉన్నాయా, అవి ఎవరి మధ్య?" అని విడివిడిగా అడగండి. విడిగా అడిగితేనే జవాబు కూడా విడిగా వస్తుంది.

3. ముందు మీరు ఒంటరిగా చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది. ఎవరూ లేనప్పుడు, ఫోన్ పక్కన పెట్టి, మొత్తం చూడండి. ముందుకు నొక్కుకుంటూ చూస్తే చెడ్డ సీన్లు దొరుకుతాయేమో కానీ సినిమా స్వభావం దొరకదు. నిజంగా టైమ్ లేకపోతే చివరి నలభై నిమిషాలైనా ఆపకుండా చూడండి. ఇలాంటి కథల బరువంతా అక్కడే ఉంటుంది.

చూస్తున్నప్పుడు ఈ విషయాల మీద మనసు పెట్టండి.

గుంపు ఒత్తిడి. "నీకు దమ్ముంటే చెయ్" అనే సీను ఈ సినిమాల్లో తరచుగా ఉంటుంది. రైలు పట్టాల మీద నడవడం, ఎత్తు నుంచి నీళ్లలోకి దూకడం, దొంగతనం, మొదటి గుక్క మందు. ఆ పని చేసిన పిల్లాడికి దక్కేది చప్పట్లేనా, తర్వాత ఏదైనా చెల్లించాడా చూడండి. సినిమా నీతి చెప్పాలని కాదు. ప్రమాదకరమైన పనిని స్నేహానికి టికెట్‌లా చూపించి అక్కడితో వదిలేస్తే చిన్న పిల్లలకు ఆ ఒక్కటే మిగులుతుంది. పదిహేనేళ్ల పిల్లలు దాన్ని విడదీసి చూడగలరు. తొమ్మిదేళ్లవాళ్లకు అది కష్టం.

ఏడిపించడం. ఎవరి మీద నవ్వుతున్నాం? లావుగా ఉన్న స్నేహితుడి మీద, నత్తిగా మాట్లాడేవాడి మీద, ఆడపిల్లలా ఉన్నాడని ఒకడి మీద మనల్ని నవ్వించి, ఆ పిల్లవాడి లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడని సినిమా అయితే, అందులో ఒక్క బూతు లేకపోయినా నేను చిన్నవాళ్లకు చూపించడానికి వెనకాడతాను. ఏడిపించడాన్ని కళ్లకు కట్టినట్టు చూపించి, దెబ్బ తిన్నవాడి పక్కన నిలబడే సినిమా చూడటానికి కష్టంగా ఉన్నా మేలు చేస్తుంది.

తొలి ప్రేమ, శరీరం. ముద్దు సీను వచ్చిందనగానే కంగారు పడిపోవాల్సిన పని లేదు. కెమెరా ఎవరి కళ్లతో చూస్తోంది, ఇద్దరికీ ఇష్టముందా, వద్దన్న మాటకు విలువ ఉందా అన్నవి చూడండి. వద్దన్నా వెంటపడితే చివరికి ఒప్పుకుంటారని చెప్పే సినిమా, ముద్దు లేకపోయినా, పెరుగుతున్న పిల్లలకు తప్పుడు పాఠం చెబుతుంది. వయసులో బాగా పెద్దవాళ్లు చిన్నవాళ్లకు దగ్గరయ్యే కథను ముచ్చటైన ప్రేమలా చూపిస్తే మరీ జాగ్రత్త.

ఆత్మహత్య, తనను తాను గాయపరచుకోవడం. ఇక్కడ నా మాట గట్టిగానే ఉంటుంది. ఎలా చేసుకున్నారో వివరంగా చూపించే సీను ఉంటే చిన్న పిల్లలకు వద్దు. చనిపోయాకే అందరికీ తన విలువ తెలిసింది అన్న అర్థం వచ్చేలా కథ నడిచినా వద్దు. 'థర్టీన్ రీజన్స్ వై' సిరీస్‌లో అలాంటి సీను మీద ఎన్నో అభ్యంతరాలు వచ్చాక, విడుదలైన రెండేళ్లకు, 2019లో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసేసింది. తీసినవాళ్లే వెనక్కి వెళ్లి కత్తిరించారంటే మన ఇంట్లో మనం ఆలోచించడం అతి జాగ్రత్త కాదు.

ఆఖరున పెద్దవాళ్లు. ఈ సినిమాల్లో తల్లిదండ్రులు, టీచర్లు చాలాసార్లు కనిపించరు, కనిపించినా అర్థం చేసుకోరు. కథకు అది అవసరం కావచ్చు. కానీ కష్టంలో ఉన్న పిల్లాడు వెళ్లి చెప్పుకోగలిగిన మనిషి కథ మొత్తంలో ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే ఆ ఖాళీని సినిమా అయ్యాక మీరు నింపాల్సి వస్తుంది.

ఇంకో చిన్న సంగతి. మీరు తెలుగు డబ్బింగ్‌లో చూసి, పిల్లలు అసలు భాషలో సబ్‌టైటిల్స్‌తో చూస్తే ఇద్దరూ చూసింది ఒకటే అనుకోవద్దు. డబ్బింగ్‌లో చాలా మాటలు మెత్తబడతాయి. ఏ భాషలో చూపిస్తారో ఆ భాషలోనే మీరూ చూడండి.

4. ఇప్పుడు మీ బిడ్డ గురించి ఆలోచించండి

వయసు ఒక అంచనా మాత్రమే, అయినా అంచనా కావాలి కాబట్టి చెబుతాను. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు కథలో జరిగినదాన్ని పట్టుకుంటారు, దాని వెనక ఉన్నదాన్ని అంతగా పట్టుకోలేరు. స్నేహితులు విడిపోయారంటే విడిపోయారనే మిగులుతుంది, ఎందుకు విడిపోవాల్సి వచ్చిందో మిగలదు. బరువైన సినిమాలు ఈ వయసుకు తొందర. పది నుంచి పన్నెండు మధ్య స్నేహమే పిల్లలకు లోకం. గుంపులోంచి తోసేయడం ఎంత నొప్పో వాళ్లకు బాగా తెలుసు. సినిమా సరైనదైతే ఈ వయసులోనే బాగా పనిచేస్తుంది, కాకపోతే ఈ వయసులోనే బాగా తగులుతుంది. కాబట్టి పక్కన మీరు ఉండాలి. పదమూడు దాటాక చాలామంది పిల్లలు పాత్ర చేసిన తప్పును, ఆ పాత్ర మీద తమకున్న ఇష్టాన్ని రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోగలరు.

వయసు కన్నా ముఖ్యమైనది ఈ మధ్య ఏం జరిగిందన్నది. బడి మారారా? దగ్గరి నేస్తంతో మాటల్లేవా? ఎవరైనా ఏడిపిస్తున్నారా? ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నారా? అదే గాయం మీద నడిచే సినిమాను ఆ సమయంలో పెట్టొద్దు. కొన్ని నెలలు పోయాక అదే సినిమా వాళ్లకు మాటలు ఇవ్వొచ్చు. పచ్చి మీద మాత్రం వద్దు.

ఇదివరకు ఏడిపించిన సినిమా చూశాక ఎలా ఉన్నారో గుర్తు చేసుకోండి. ఏడ్చి, కాసేపటికి తేలికపడ్డారా? లేక రోజుల తరబడి నిద్రలో ఉలిక్కిపడ్డారా, ఒంటరిగా ఉండనన్నారా? ఏడవడం చెడు లక్షణం కాదు. తేరుకోలేకపోవడమే గమనించాల్సింది.

చివరగా వాళ్లనే అడగండి: "ఈ సినిమాలో నీకు ఏం చూడాలనుంది?" అందరూ చూశారు కాబట్టి అంటే ఒక విషయం. "అందులో ఒకమ్మాయి నాలాగే ఉంటుందట" అంటే అది పూర్తిగా వేరే విషయం, ఆ మాట దగ్గర ఆగి వినండి. సినిమా సంగతి తర్వాత.

5. నిర్ణయం చెప్పండి

అవును, కాదు అని రెండే జవాబులు లేవు. ఒంటరిగా చూడొచ్చు, నాతో కలిసి చూడొచ్చు, కొన్నాళ్లాగి చూద్దాం, ఇది మాత్రం వద్దు. ఈ నాలుగింటిలో ఏదో స్పష్టంగా చెప్పండి. ఎక్కువసార్లు సరైన జవాబు రెండోది.

"కొన్నాళ్లాగి" అంటే కారణం కూడా చెప్పాలి. "నువ్వు చిన్నదానివి" అనేది కారణం కాదు, అది గొడవకు మొదలు. "అందులో ఒక ఫ్రెండ్ చనిపోతాడు, అది చాలా సేపు చూపిస్తారు, మీ తాతయ్య పోయి ఇంకా ఎన్నాళ్లూ కాలేదు కదా, వచ్చే సెలవుల్లో ఇద్దరం కలిసి చూద్దాం" అంటే పిల్లలు అలిగినా వింటారు. చెప్పిన సమయానికి మాట నిలబెట్టుకోండి. వాళ్లు మర్చిపోయారులే అనుకోకండి, మర్చిపోరు.

కొన్ని సీన్లు దాటించి చూపిద్దామా అని చాలామంది అడుగుతారు. ఒక చిన్న శృంగార సీను అయితే సరే. కథకు మూలమైన సీను తీసేస్తే మాత్రం అర్థం లేని దుఃఖం మిగులుతుంది, తర్వాత ఫోన్‌లో వెతుక్కుని ఒంటరిగా చూస్తారు. అంత దాటించాల్సి వస్తే ఆ సినిమాకు ఇంకా సమయం రాలేదని అర్థం.

ఇంట్లో పదమూడేళ్లు, ఎనిమిదేళ్ల పిల్లలు ఇద్దరూ ఉంటే పెద్ద బిడ్డతో విడిగా చూడండి. చిన్నవాళ్లు నిద్రపోయాక అంటే రాత్రి పొద్దుపోతుంది, సెలవు రోజు పగలు చూడటం మేలు. ఓటీటీలో పిల్లల ప్రొఫైల్‌కు వయసు హద్దు, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టుకోవడం రెండు నిమిషాల పని.

6. కలిసి చూసేటప్పుడు

పక్కన కూర్చోండి, ముఖం వైపు చూస్తూ కాదు, సినిమా వైపు చూస్తూ. తమను గమనిస్తున్నారని తెలిస్తే పిల్లలు ఏడుపు ఆపుకుంటారు. రిమోట్ ఎవరి చేతిలో ఉన్నా, "ఎప్పుడైనా ఆపమంటే ఆపేద్దాం, కారణం చెప్పక్కర్లేదు" అని ముందే చెప్పండి.

ఇబ్బందిగా ఉండే సీను వస్తే హడావుడిగా నీళ్లు తాగడానికి లేవకండి. ముందే చూశారు కాబట్టి వస్తోందని మీకు తెలుసు. అలాగే కూర్చోండి. మీరు లేచి వెళ్లిపోతే ఈ విషయం మన ఇంట్లో మాట్లాడకూడదన్నమాట అని పిల్లలకు అర్థమవుతుంది, రేపు నిజంగా ఏదైనా జరిగినా మీ దగ్గరికి రారు. మధ్యలో పాఠాలు చెప్పడం కూడా వద్దు. "చూశావా, అందుకే నేను చెప్పేది..." అన్న మాట ఒక్కటి చాలు, సినిమా అక్కడితో చచ్చిపోతుంది.

7. అయిపోయాక

పేర్లు పడుతుండగానే "ఎలా ఉంది? ఏం నేర్చుకున్నావ్?" అని మొదలుపెట్టకండి. కాసేపు వదిలేయండి. పక్కపక్కన ఏదైనా పని చేస్తున్నప్పుడు, బట్టలు మడతపెడుతూనో నడుస్తూనో, మాట దానంతటదే వస్తుంది. రాకపోతే మీరే ఒక ప్రశ్న వేయండి, ఒక్కటే: "వాడు ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదంటావ్?" "ఆ నలుగురిలో నీకు ఎవరు ఎక్కువ నచ్చారు?" పాత్ర గురించి అడిగితే పిల్లలు తమ గురించి చెబుతారు. వెంటనే "నీ క్లాసులో కూడా ఇలా జరుగుతోందా?" అని లాగకండి, దానంతటదే వస్తే రానివ్వండి.

ఆత్మహత్య ఉన్న సినిమా అయితే మాత్రం వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. ఆ రోజే చెప్పండి: ఆ అబ్బాయి చనిపోవడానికి స్నేహితుడు కారణం కాదని, ఒక్క గొడవ వల్ల ఒక మనిషి చావడని, అంత బాధ ఎప్పుడైనా కలిగితే ఏ సమయంలోనైనా మీ దగ్గరికి రావచ్చని, మీకు కోపం రాదని. ఈ మాటలు అక్షరాలా నోటితో అనండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే ఊహించుకుంటారని వదిలేయకండి.

ఒకటి రెండు రోజులు మూగగా ఉండటం, ఆ సినిమా పాట మళ్లీ మళ్లీ వినడం మామూలే. వారం దాటినా నిద్ర సరిగ్గా లేకపోవడం, స్నేహితుల్ని తప్పించుకోవడం, చావు గురించి మాటిమాటికీ అడగడం కనిపిస్తే అది సినిమా ఒక్కదాని వల్ల కాకపోవచ్చు, లోపల ఉన్నదేదో కదిలి ఉంటుంది. నెమ్మదిగా అడగండి, అవసరమైతే పిల్లల కౌన్సెలర్‌ను కలవండి. తనను తాను గాయపరచుకునే మాటలు వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి.

అప్పటికే చూసేస్తే?

స్నేహితుల ఇంట్లోనో, ఎవరి ఫోన్‌లోనో పిల్లలు ముందే చూసేసి ఉండొచ్చు. తిట్టకండి. తిడితే తర్వాతి సినిమా గురించి మీకు తెలియదు, అంతే తేడా. "చూశావట కదా, నేనూ చూస్తాను, నాకు కథ చెప్పొద్దు" అనండి. నిజంగానే ఆ వారంలోనే చూడండి. తర్వాత పైన చెప్పినట్టే మాట్లాడండి, ముఖ్యంగా వాళ్లకు అర్థం కాని సీను ఏదైనా ఉందేమో అడగండి. పిల్లలు సగం అర్థమైనదాన్ని తమకు తోచినట్టు పూరించుకుంటారు, అది చాలాసార్లు సినిమాలో ఉన్నదానికన్నా భయంకరంగా ఉంటుంది. అనుమతి లేకుండా ఎందుకు చూశారన్న మాట కూడా అవసరమే, కానీ దాన్ని వేరే రోజుకు ఉంచండి.